సారీ చెప్పించగలం సరే, బాధపడేలా చేయగలమా?

వానచినుకు:
చిన్నప్పుడు అన్నయ్యా నేనూ కొట్టుకుంటే అమ్మ నా మెడ వెనక చెయ్యి వేసి వాడి వైపు నెట్టి "సారీ చెప్పు, ముద్దు పెట్టు" అనేది. చెప్పేదాన్ని, పెట్టేదాన్ని, లోపల మాత్రం పళ్లు నూరుకునేదాన్ని. ఇప్పుడు నాకు నలభై దాటాయి, వాడితో మాట్లాడుతుంటే ఇప్పటికీ మెడ మీద ఆ చెయ్యి ఉన్నట్టే ఉంటుంది. ప్రేమ గానీ నీతి గానీ బలవంతంగా పుట్టించడం అయ్యే పనేనా? నన్నడిగితే కాదు. భయపెడితే వచ్చేది నటన.

పాతకాపు:
మీ అమ్మగారు ఆ పని చేయకపోతే మీరిద్దరూ ఇంకా కొట్టుకుంటూనే ఉండేవారేమో. మొక్కై వంగనిది మానై వంగునా అని ఊరికే అనలేదు. అబద్ధం ఆడకూడదని పుట్టగానే ఎవరైనా నిర్ణయించుకున్నారా? తిట్లు తిని నేర్చుకున్నాం. ముందు బలవంతం, తర్వాత అలవాటు, ఆ తర్వాతే ఇష్టం. న్యాయమైన పనులు చేస్తూ చేస్తూనే న్యాయవంతులమవుతామని అరిస్టాటిల్ కూడా అన్నాడు.

గోడమీదిపిల్లి:
కానివ్వండి, చూస్తున్నా.

రెండోమాట:
పాతకాపు గారూ, ఇజ్రాయెల్‌లోని హైఫాలో పిల్లల సంరక్షణ కేంద్రాల్లో చేసిన ప్రయోగం ఒకటుంది, 2000లో గ్నీజీ, రస్టికీని అనే ఇద్దరు ప్రచురించారు. పది కేంద్రాలు తీసుకున్నారు. పిల్లల్ని తీసుకెళ్లడానికి ఆలస్యంగా వచ్చే తల్లిదండ్రులకు ఆరింటిలో జరిమానా పెట్టారు. ఆలస్యాలు తగ్గకపోగా దాదాపు రెట్టింపయ్యాయి. అప్పటిదాకా "పాపం, టీచర్ మనకోసం కూర్చుని ఉంటుంది" అని పరుగెత్తుకొచ్చినవాళ్లు, డబ్బు కట్టేస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. జరిమానా ఎత్తేశాక కూడా ఆ మొహమాటం తిరిగి రాలేదు.

పాతకాపు:
జరిమానా చిన్నదై ఉంటుంది. గట్టిగా వేస్తే ఒక్కరు ఆలస్యంగా వచ్చేవారా?

రెండోమాట:
చిన్నదే, ఒప్పుకుంటా. గట్టిగా వేస్తే టైముకొస్తారు, అదీ ఒప్పుకుంటా. కానీ టైముకు రావడం వేరు, టీచర్ మీద జాలి ఉండటం వేరు.

పాతకాపు:
టీచర్‌కి కావాల్సింది మీ జాలి కాదండీ, టైముకి ఇంటికెళ్లడం. ముందు జరిమానా ఎంతో చెప్పండి, మిగతాది తర్వాత.

తెల్లకాగితం:
ఈ గొడవ పాతదే. బలప్రయోగంతో మనిషి చేత ఏదైనా అనిపించవచ్చు గానీ నమ్మించలేమని 1689లో ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ మత సహనం గురించి రాస్తూ వాదించాడు. మరుసటి ఏడే జోనస్ ప్రోస్ట్ అనే మతాచార్యుడు జవాబిచ్చాడు: బలం నేరుగా నమ్మకాన్ని పుట్టించదు, నిజమే, కానీ అసలు వినడానికే ఒప్పుకోనివాణ్ని కూర్చోబెట్టి వినేలా చేయగలదు కదా అని. పాతకాపు గారిది ప్రోస్ట్ పార్టీ అన్నమాట.

పాతకాపు:
ఏ పార్టీ లేదు. నేను చూసింది చెబుతున్నా.

వానచినుకు:
నేను చూసిందీ చెబుతా. అన్నయ్య ప్రతి పుట్టినరోజుకీ ఫోన్ చేస్తాడు. వెనక నుంచి వదిన గొంతు "ఇంకొంచెం మాట్లాడండి" అని సన్నగా వినిపిస్తుంది. వాడు "ఆ, ఇంకా?" అంటాడు. ఆ ఫోన్ రాకపోతేనే నాకు హాయి. ప్రేమ లేకుండా, ఎవరో తోస్తే చేసే మంచికి విలువ సున్నా. అలాంటి సేవ చేయడం కన్నా మానేయడం నయం, అవతలివాళ్లకి కనీసం నిజం తెలుస్తుంది.

పాతకాపు:
సున్నానా? అయితే వినండి. మా నాన్న మంచంలో పడ్డాక ఆరేళ్లు చూసుకున్నాను. ఆయన మీద నాకు ప్రేమ లేదు, ఉండేలా ఆయన ఎప్పుడూ ప్రవర్తించలేదు, ఆ కథ ఇక్కడ వద్దు. రాత్రి రెండింటికి అలారం పెట్టుకుని లేచి ఇటు నుంచి అటు తిప్పేవాణ్ని, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. తిప్పేటప్పుడల్లా మనసులో తిట్టుకునేవాణ్ని. పుండు మాత్రం ఒక్కటీ పడలేదు. మీ లెక్కలో అది సున్నా. మానేసి ఆయనకి "నిజం తెలిసేలా" చేసుండాల్సింది, అంతేగా? మంచం మీద పడ్డవాళ్లని చూడని వాళ్లే ఇలా రాస్తారు.

గోడమీదిపిల్లి:
అమ్మో.

వానచినుకు:
నేను మీ గురించి అనలేదు. మా అన్నయ్య గురించి అన్నాను.

పాతకాపు:
అందరి గురించీ అన్నారు. పైన ఉంది, చదువుకోండి.

రెండోమాట:
ఇద్దరూ ఒక్క నిమిషం. 1785లో జర్మన్ తత్వవేత్త కాంట్ సరిగ్గా దీన్నే విడదీశాడు. మనసులో పుట్టే ఇష్టాన్ని ఎవరూ ఆజ్ఞాపించలేరు, ఇష్టం లేకపోయినా ధర్మమని మంచి చేయడాన్ని ఆజ్ఞాపించవచ్చు అన్నాడు, పైగా అసలు విలువ దానికే ఉందన్నాడు. అంటే ఆ రెండు గంటల అలారం సున్నా కాదు. అయితే కాంట్ చెప్పిన ఆజ్ఞ బయటినుంచి వచ్చేది కాదు, మనకి మనం వేసుకునేది.

వానచినుకు:
సున్నా అన్నందుకు సారీ. ఈసారి మెడ మీద ఎవరి చెయ్యీ లేదు. కానీ ఒకటి అడుగుతా, ఆ ఆరేళ్లూ మిమ్మల్ని బలవంతపెట్టింది ఎవరు?

పాతకాపు:
ఎవరూ లేరు. అక్క "నావల్ల కాదు" అని ముందే చెప్పేసింది. నేనూ చెప్పి ఉండొచ్చు, ఎవరూ ఏమీ అనేవారు కాదు.

వానచినుకు:
మరి అది బలవంతం ఎలా అవుతుంది?

పాతకాపు:
ఇష్టం కూడా కాదు కదా. ఏమంటారో నాకు తెలీదు. అయినా నా మొదటి మాట మార్చను, చిన్నప్పుడు నన్నెవరో వంచారు కాబట్టే అప్పుడు లేవగలిగాను.

వానచినుకు:
ఆయనకి తెలుసా, మీకు ఇష్టం లేదని?

పాతకాపు:
గోళ్లు తీస్తుంటే మొదట్లో చెయ్యి లాక్కునేవాడు. చివరి ఏడాది లాక్కోలేదు. ఓపిక లేకో, ఇంకెందుకో. నేను అడగలేదు.

గోడమీదిపిల్లి:
జరిమానా ఎంతో ఇంకా తేలలేదు.