ఫుట్‌బాల్, రగ్బీ ఒకే గ్రౌండ్‌లో: మీ ఊళ్ళో పిచ్ సంగతేంటి?

ఉత్తరపు_స్టాండ్:
నేను వేల్స్‌లోని స్వాన్సీ వచ్చింది 2011లో, ఊరి ఫుట్‌బాల్ జట్టు స్వాన్సీ సిటీ ప్రీమియర్ లీగ్‌లోకి ఎక్కిన ఏడాది. 2005లో తెరిచిన స్టేడియంలో ఫుట్‌బాల్ వాళ్ళూ, ఆస్‌ప్రేస్ రగ్బీ వాళ్ళూ కలిసే ఉండేవాళ్ళు. నేను రెండింటికీ వెళ్ళేవాణ్ణి. శుక్రవారం రాత్రి రగ్బీ చూసి, అదే వారాంతంలో ఫుట్‌బాల్‌కి వెళ్తే మధ్యలో రగ్బీ స్పాన్సర్ బొమ్మ తాలూకు మరక ఇంకా కనిపిస్తూ ఉండేది. పైన పచ్చరంగు కొట్టినా అచ్చు పోదు. అప్పట్లో మా జట్టు ఆటంతా కిందనే చిన్న చిన్న పాసులు. బంతి ఎక్కడైనా కాస్త ఎగిరిపడితే నా పక్క సీటు పెద్దాయన రగ్బీ వాళ్ళని తిట్టుకునేవాడు.

ఇరవై ఏళ్ళ తర్వాత ఆస్‌ప్రేస్ బ్రిడ్జెండ్‌లోని బ్రూయరీ ఫీల్డ్‌కి వెళ్ళిపోయారు. నాకు బాధగానే ఉంది. ఇలాంటి ఊళ్ళలో ఉన్నవాళ్ళు మూడు విషయాలు చెప్పండి. పిచ్ నిజంగా రగ్బీ వల్లే పాడైందా? బాగుచేసే ఖర్చు ఎవరు పెట్టుకునేవారు? విడిపోయాక మీరు రెండో ఆటకి వెళ్ళడం మానేశారా?

కోవెంట్రీ_గోదారి:
మా బాధ వేరు. నేను 2019లో చదువుకోడానికి కోవెంట్రీ వచ్చాను. ఊళ్ళో అంత పెద్ద స్టేడియం ఉంది, కానీ ఊరి ఫుట్‌బాల్ జట్టు సొంత మ్యాచ్‌లు బర్మింగ్‌హామ్‌లో ఆడుతోంది. స్టేడియం వాస్ప్స్ రగ్బీ వాళ్ళది. వాళ్ళు 2014లో కొనుక్కున్నారు. మా జట్టు అద్దెకుండేది. అద్దె లెక్కలు, కోర్టు గొడవలు ముదిరి 2019లో బయటికి పోవాల్సొచ్చింది. 'సొంతూరి మ్యాచ్' చూడ్డానికి నేను రైలెక్కి వేరే ఊరు వెళ్ళాను.

2021లో తిరిగొచ్చారని సంబరపడ్డాం. 2022 జులై ఆఖర్లో కామన్‌వెల్త్ క్రీడల రగ్బీ సెవెన్స్ (జట్టుకి ఏడుగురు ఆడే పొట్టి రగ్బీ) అక్కడే పెట్టారు. మూడు రోజుల్లో ఒక్క పిచ్ మీద 60కి పైగా మ్యాచ్‌లు! వారం తిరిగేసరికి రోథర్‌హామ్‌తో మా మొదటి ఇంటి మ్యాచ్. పిచ్ మీద ఆడితే దెబ్బలు తగులుతాయని వాయిదా వేశారు. తర్వాత ఇంకొన్ని పోయాయి. లీగ్ కప్ మ్యాచ్ బర్టన్‌లో ఆడారు. సీజన్ మొదట్లోనే పట్టికలో అందరికన్నా తక్కువ మ్యాచ్‌లు ఆడిన జట్టుగా అట్టడుగున కూర్చున్నాం. పిచ్‌ని పాడుచేసింది రగ్బీయా కాదా అనే చర్చ నాకు అనవసరం. తాళాలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

పచ్చిక_పనివాడు:
నేను తొమ్మిదేళ్ళుగా ఇంగ్లాండ్‌లో గ్రౌండ్ స్టాఫ్‌లో పనిచేస్తున్నాను, క్రీడా పచ్చికలో డిప్లొమా ఉంది. ఇక్కడ చాలామంది టీవీ ముందు కూర్చుని మాట్లాడతారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

స్క్రమ్ అంటే రెండు జట్ల వాళ్ళు వంగి, భుజాలు ఆనించి, బంతి కోసం ఒకరినొకరు నెట్టుకోవడం. అందులో ఒక్కో వైపు 8 మంది. ఈ స్థాయిలో ఒక్కొక్కరు సగటున 110 కిలోలు వేసుకోండి, రెండు వైపులా కలిపితే 1,700 కిలోలు దాటుతుంది. బరువొక్కటే అయితే నేల గట్టిపడుతుంది, అంతే. కానీ వాళ్ళు బూట్ల కింది స్టడ్స్ దిగేసి పక్కకి, ముందుకి తోస్తారు. స్క్రమ్ తిరిగిందంటే గడ్డి వేళ్ళతో సహా పెళ్ళలుగా లేచొస్తుంది. ఫుట్‌బాల్‌లో ఆ అరుగుదల గోల్ ముందు, లైన్‌మన్ పరుగెత్తే అంచున ఉంటుంది. రగ్బీలో అది మైదానమంతా.

అయినా పెళ్ళ లేవడం పెద్ద రోగం కాదు. మ్యాచ్ అయ్యాక మేం ఫోర్కులు పట్టుకుని వరసగా నడుస్తూ నొక్కేస్తాం. అసలు కష్టం ఏంటంటే, అది మళ్ళీ వేరు దిగడానికి టైము కావాలి. చలి 5 డిగ్రీల దగ్గరికి పడితే రై గడ్డి ఎదగడం దాదాపు ఆగిపోతుంది. పైగా పెద్ద స్టాండ్ల నీడ. అందుకే రాత్రంతా చక్రాల బండ్ల మీద దీపాలు పెట్టి వెలుగు, వెచ్చదనం ఇస్తాం. డిసెంబరు, జనవరిలో నాలుగు రోజులకో మ్యాచ్ పెడితే నారు పాతుకోకముందే మళ్ళీ దమ్ము చేసినట్టే.

హైబ్రిడ్ పిచ్ వచ్చాక పరిస్థితి చాలా మారింది. సుమారు 2 కోట్ల ప్లాస్టిక్ పోగుల్ని 20 సెంటీమీటర్ల లోతుకి కుడతారు. గడ్డి వేళ్ళు వాటిని చుట్టుకుంటాయి. పైన కనిపించేది దాదాపు అంతా అసలు గడ్డే.

హంబర్_ఒడ్డు:
రగ్బీ అంటే మీరంతా చెప్తున్న యూనియన్ (జట్టుకి 15 మంది ఆడేది) ఒక్కటేనా? పోస్టు పెట్టిన వాళ్ళూ, డిప్లొమా వాళ్ళూ లీగ్ అనే ఇంకో రకం రగ్బీ ఉందన్న సంగతే ఎత్తలేదు. మా హల్‌లో 2002 డిసెంబరులో తెరిచిన స్టేడియంలో ఫుట్‌బాల్ జట్టు హల్ సిటీ, హల్ ఎఫ్‌సీ కలిసే ఉంటున్నాయి. హల్ ఎఫ్‌సీ ఆడేది రగ్బీ లీగ్. జట్టుకి 13 మంది. విగన్, హడర్స్‌ఫీల్డ్ కూడా అంతే. ఉత్తరాన రెండు ఆటలు గ్రౌండ్ పంచుకోవడమంటే ఎక్కువగా ఇదే.

పచ్చిక_పనివాడు:
లీగ్‌లో స్క్రమ్ పేరుకే. తల ఆనించి నిలబడతారు, నెట్టుకోవడం ఉండదు. బంతి చుట్టూ గుంపుగా నెట్టుకునే మాల్ లేదు, రక్ లేదు. పిచ్ పాడవడం గురించి మాట్లాడేటప్పుడు దాన్ని యూనియన్‌తో కలపడం సరికాదు. అందుకే చెప్పలేదు.

హంబర్_ఒడ్డు:
మీరు లీగ్ మ్యాచ్ గ్రౌండ్‌లో కూర్చుని ఎప్పుడైనా చూశారా? ఆరు టాకిల్స్, అంటే బంతి పట్టుకున్నవాణ్ణి ఆరుసార్లు పడగొట్టడం. ప్రతిసారీ ముగ్గురు నలుగురు ఒకడి మీద పడతారు, వాడు లేచి కాలితో బంతి వెనక్కి తోస్తాడు. 80 నిమిషాలు ఇదే పని, అదీ ఎక్కువ భాగం మైదానం నడిమి పట్టీలోనే. నెట్టుకోరు కాబట్టి నష్టం లేదంటే ఎలా?

అసలు నష్టం స్క్రమ్‌లో లేదు, క్యాలెండర్‌లో ఉంది. 1996 నుంచి సూపర్ లీగ్ (రగ్బీ లీగ్‌లో పెద్ద పోటీ) వేసవి ఆట అయింది. ఫిబ్రవరిలో మొదలై అక్టోబరు దాకా. ఫుట్‌బాల్ ఆగస్టు నుంచి మే. రెండూ కలిపి చూడండి, మా పిచ్‌కి సెలవు ఎప్పుడు? యూనియన్‌తో పంచుకునే గ్రౌండ్‌కి జూన్, జులై ఖాళీ. పైపొర మొత్తం గీకేసి, ఇసుక పోసి, కొత్త విత్తనం చల్లి, ఎనిమిది వారాలు తాళం వేసుకోవచ్చు. మాకు ఆ వారాల్లోనే రగ్బీ సీజన్ నడిమధ్యలో ఉంటుంది. రగ్బీ జట్టుని వరసగా బయట మ్యాచ్‌లకు పంపి, ఆ సందులో గబగబా విత్తుతారు. తొమ్మిదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళకి ఇది తెలియాలి.

పచ్చిక_పనివాడు:
అనుభవం గురించి మాట్లాడకండి. వేసవిలో 18 డిగ్రీల్లో గడ్డి తనంతట తానే కోలుకుంటుంది. జూన్‌లో లేచిన పెళ్ళ పది రోజుల్లో అతుక్కుంటుంది. జనవరిలో లేచింది మార్చి దాకా అలాగే ఉంటుంది. వానలో యూనియన్ మ్యాచ్ అయ్యాక రాత్రి 11 గంటలకి ఫోర్కు పట్టుకుని వంగిన నడుము నాది.

హంబర్_ఒడ్డు:
మీ నడుముకి దణ్ణం. కానీ కోలుకోవడం వేరు, కొత్తగా వేయడం వేరు. పాత గడ్డి మీద పాత గడ్డి పేరుకుని, కలుపు వచ్చి, నీళ్ళు దిగకపోతే ఫోర్కుతో ఎంత నొక్కినా ఏం లాభం? ఏటా ఒకసారి మొత్తం తీసి వేయాల్సిందేనని మీలాంటివాళ్ళే చెప్తారు.

పచ్చిక_పనివాడు:
ఏటా తీసి వేయాలన్నది నిజమే. అది నేను కాదనలేదు.

రెడింగ్_రాజోలు:
మీరు గడ్డి గురించి కొట్టుకుంటున్నారు, మాకు క్లబ్బే లేకుండా పోయింది. లండన్ ఐరిష్ రగ్బీ క్లబ్ 2000 నుంచి 2020 దాకా రెడింగ్ ఫుట్‌బాల్ క్లబ్ గ్రౌండ్‌లో ఆడింది. మేం ఆఫీసు వాళ్ళం, సగం మంది తెలుగువాళ్ళమే, మార్చిలో సెయింట్ పాట్రిక్స్ పండుగ మ్యాచ్‌కి గుంపుగా వెళ్ళేవాళ్ళం. రూల్సు తెలియకపోయినా పక్కనున్న ఐరిష్ వాళ్ళు ఓపిగ్గా చెప్పేవారు. మా అమ్మాయి అక్కడ చూసే రగ్బీ నేర్చుకుంటానంది, ఇప్పుడు యూనివర్సిటీ జట్టులో ఆడుతోంది. ఆ రోజు నాకు ఎంత గర్వంగా ఉందో ఇక్కడ రాయడం కష్టం.

తర్వాత వాళ్ళు బ్రెంట్‌ఫర్డ్ కొత్త స్టేడియానికి వెళ్ళారు, అక్కడా ఫుట్‌బాల్‌తో కలిసే. 2023 జూన్‌లో డబ్బు చూపించలేక లీగ్ నుంచి తొలగించబడ్డారు. అంతకుముందు ఏడాది వూస్టర్, వాస్ప్స్ రగ్బీ క్లబ్బులు అలాగే పోయాయి. పిచ్ ఎలా ఉండేదో అడిగారు. నేను గమనించలేదు.

కోవెంట్రీ_గోదారి:
వాస్ప్స్ అభిమానుల మీద నాకు కోపం లేదండీ. 1996లో వాళ్ళు లండన్‌లో క్వీన్స్ పార్క్ రేంజర్స్ గ్రౌండ్‌కి, తర్వాత వికంబ్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌కి, ఆఖరికి కోవెంట్రీకి వచ్చారు. మూడు చోట్లా ఫుట్‌బాల్‌తోనే. వికంబ్‌లో అద్దెకున్నారు, మా ఊళ్ళో యజమానులయ్యారు, అప్పుతో మునిగారు.

వాట్‌ఫర్డ్_వంతెన:
వాట్‌ఫర్డ్ ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో సారసెన్స్ రగ్బీ క్లబ్ 1997 నుంచి 2013 దాకా ఉంది. శీతాకాలం మ్యాచ్‌లకి మైదానం మధ్యలో గోధుమరంగు పట్టీ ఒకటి ఉండేది. వాళ్ళు వెళ్ళి సొంతంగా ప్లాస్టిక్ పిచ్ వేసుకున్నారు, రెండు పక్షాలూ హాయిగా ఉన్నాయి. అందరూ అదే చేయొచ్చుగా?

పచ్చిక_పనివాడు:
చేయలేరు. అగ్రశ్రేణి రగ్బీలో పూర్తి ప్లాస్టిక్ పిచ్‌కి అనుమతి ఉంది. ఇంగ్లాండ్‌లో ప్రీమియర్ లీగ్‌కి గానీ దాని కింద మూడు డివిజన్లకి గానీ లేదు. కాబట్టి పంచుకునే గ్రౌండ్‌లో ప్లాస్టిక్ కుదరదు. కార్డిఫ్ రగ్బీ చూడండి. 2009లో ఫుట్‌బాల్ వాళ్ళ కొత్త స్టేడియానికి వెళ్ళి, అంత పెద్ద స్టాండ్లలో జనం పలచగా కనిపించి, 2012లో పాత ఆర్మ్స్ పార్క్‌కి తిరిగొచ్చేశారు. తర్వాతి ఏడాది అక్కడ ప్లాస్టిక్ వేసుకున్నారు.

గచ్చిబౌలి_గ్యాలరీ:
అన్నలూ, హైదరాబాద్ నుంచి చదువుతున్నాను. మాకు ఈ గొడవ రావాలన్నా అదృష్టం ఉండాలె. గచ్చిబౌలి స్టేడియంలో ఫుట్‌బాల్ చూస్తే చుట్టూ రన్నింగ్ ట్రాక్, ఆటగాళ్ళు అంత దూరంలో. 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఐఎస్‌ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్) గెలిచినప్పుడు ఫైనల్ గోవాలో అయింది. 2025 జూన్‌లో రగ్బీ ప్రీమియర్ లీగ్ మొదలైతే హైదరాబాద్ హీరోస్ అని జట్టు పెట్టారు, సంతోషపడ్డా. కానీ మ్యాచ్‌లన్నీ ముంబై అంధేరీలోనే, ముంబై సిటీ ఎఫ్‌సీ ఆడే గ్రౌండ్‌లో. మన ఊరి పేరు పెట్టుకున్న జట్టుని మన ఊళ్ళో చూడలేకపోయాం.

రెడింగ్_రాజోలు:
అంధేరీలో, జూన్‌లోనా? వానలు మొదలయ్యే నెల కదా.

గచ్చిబౌలి_గ్యాలరీ:
అవునండీ. అది సెవెన్స్, జట్టుకి ఏడుగురే. ఐఎస్‌ఎల్ సీజన్ అప్పటికి అయిపోతుంది కాబట్టి గ్రౌండ్ ఖాళీ. ఇద్దరికీ పనికొచ్చే ఏర్పాటే. మన దగ్గర ఒక్క స్టేడియానికి రెండు ఆటల సామాను పెట్టుకునే ఏర్పాటు చేస్తే చాలు, ట్రాక్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

హంబర్_ఒడ్డు:
సెవెన్స్‌లో ఏడుగురే అని తేలిగ్గా తీసుకోకండి. పైన కోవెంట్రీ ఆయన రాసింది చదవండి. రోజుకి ఇరవై మ్యాచ్‌లు పెడితే ఏ గడ్డీ నిలవదు.

అవాన్_నది:
ఆలస్యంగా చూశాను. మా బ్రిస్టల్ సంగతి ఎవరూ రాయలేదు. యాష్టన్ గేట్‌లో బ్రిస్టల్ సిటీ, 2014 నుంచి బ్రిస్టల్ రగ్బీ. 27,000 సీట్లు, హైబ్రిడ్ పిచ్. నేను రెండింటికీ వెళ్తాను, శనివారం ఫుట్‌బాల్ జరిగిన గడ్డి మీద మర్నాడు రగ్బీ చూసిన వారాంతాలున్నాయి. మా దగ్గర పెద్ద రచ్చ లేకపోవడానికి కారణం స్టీవ్ లాన్స్‌డౌన్ అనే వ్యాపారి రెండు క్లబ్బుల్లోనూ, గ్రౌండ్‌లోనూ డబ్బు పెట్టడం. ఏ మ్యాచ్ ఎప్పుడు, పిచ్‌కి ఎంత ఖర్చు అనేది ఒకే బల్ల చుట్టూ కూర్చుని తేల్చుకుంటారు. విగన్‌లో కూడా 2023 నుంచి రెండు క్లబ్బులకీ ఒకే యజమాని. అద్దె చీటీ మీద నడిచే చోటనే పిచ్ గురించి పేపర్లలో తిట్టుకోవడం చూస్తాం.

కోవెంట్రీ_గోదారి:
ఇదే నేను మొదట్నుంచీ మొత్తుకునేది. మా క్లబ్ 2025లో స్టేడియం కొనుక్కుంది. ఆ వార్త చదివిన రోజు ఇంట్లో స్వీట్ చేయించాను.

పచ్చిక_పనివాడు:
ఒకే యజమాని అయినా జనవరిలో గడ్డి ఎదగదు. కానీ దీపాలు కొనమని అడిగితే ఇద్దరు ఒకరి మొహం ఒకరు చూసుకునే బదులు ఒకరు సంతకం పెడతారు. అంతవరకు ఒప్పుకుంటాను.

ఉత్తరపు_స్టాండ్:
అందరికీ థాంక్స్. నా రెండో ప్రశ్నకి అవాన్_నది గారు జవాబిచ్చారు, మొదటిదానికి పచ్చిక_పనివాడు గారూ హంబర్_ఒడ్డు గారూ కలిసి ఇచ్చారు. మూడోది ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి నేనే చెప్తాను. గత నెల బ్రిడ్జెండ్ వెళ్ళాను. చిన్న గ్రౌండ్, కంచె ఆనుకుని నిలబడితే ఆటగాళ్ళ ఊపిరి వినిపిస్తుంది. స్వాన్సీలో సగానికి పైగా ఖాళీ సీట్ల మధ్య చూసిన జట్టేనా ఇది అనిపించింది. కానీ నాతో వచ్చేవాళ్ళు ఐదుగురిలో ఇద్దరే వచ్చారు. స్వాన్సీలో ఇంటి నుంచి నడిచి వెళ్ళేవాళ్ళం, ఇప్పుడు రైలో కారో ఎక్కాలి. పక్క సీటు పెద్దాయన ఫోన్ చేసి పిచ్ ఇప్పుడు బాగుందని చెప్పాడు, రగ్బీ వాళ్ళు ఎలా ఆడుతున్నారని కూడా అడిగాడు.

వచ్చే ఇంటి మ్యాచ్‌కి కారు తీస్తున్నాను. స్వాన్సీ, నీత్ వైపు తెలుగువాళ్ళు ఎవరైనా ఉంటే మెసేజ్ పెట్టండి, మూడు సీట్లు ఖాళీ.