తొమ్మిదో తరగతి వాళ్లు సబ్బు ముట్టరేం?

పంతులమ్మ: మాది ప్రకాశం జిల్లా మెట్టలో హైస్కూలు. మధ్యాహ్న భోజనం బెల్లు కొట్టగానే కంచాలతో ఒకటే పరుగు. చేతులు కడగడమంటే కుళాయి కింద వేళ్లు తడిపి ప్యాంటుకు తుడుచుకోవడమే. అక్టోబరు 15న చేతుల శుభ్రత దినం జరిపి ప్రతిజ్ఞ చేయిస్తాం, గడగడా అప్పజెబుతారు. మర్నాడు మళ్లీ మామూలే. సబ్బు పెడితే సాయంత్రానికి మాయం. ఆరో తరగతి పిల్లలే నయం, చెబితే వింటారు.

ఒక తండ్రి: దొంగతనం అనుకోకండి మేడమ్. ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టే ఇళ్లలో ఒంటిసబ్బు ఒక్కటే ఉంటుంది, అదీ స్నానానికే. అన్నానికి ముందు దాన్ని అరగదీస్తే అమ్మ ఊరుకుంటుందా? చిన్న సర్ఫు ప్యాకెట్ లీటరున్నర నీళ్ల సీసాలో కలిపి, మూతకు మేకుతో చిల్లు పొడిచి కుళాయికి కట్టేయండి. దాన్నెవరూ ఎత్తుకుపోరు.

డిగ్రీ అమ్మాయి: మా బడిలో సబ్బు రాసుకున్న అబ్బాయిని "ఏరా, పెళ్లిచూపులా?" అని ఏడిపించేవాళ్లు. కబడ్డీ కెప్టెన్ కడుక్కుంటే మాత్రం వెనకాలే అందరూ! ఆడపిల్లల గోల వేరు. కుళాయిలన్నీ మగపిల్లలు గుంపుగా నిలబడే చోటే. నెలసరి రోజుల్లో అటు వెళ్లాలంటే టెన్షన్, అసలు వెళ్లేవాళ్లమే కాదు.

పంతులమ్మ: సీసా రేపే కడతాను. మా కెప్టెన్‌గారు అందరికంటే ముందు కంచం పట్టుకునే రకం, వాడితోనే మొదలుపెట్టాలి. అమ్మాయిలకు వేరే కుళాయి గురించి హెడ్మాస్టరు గారిని అడుగుతా. ఉన్నవాటిలోనే సగం పనిచేయవు, అదో తంటా.