ఎస్పోజితో ఇంటిపేరు వాళ్లంతా అనాథ పిల్లల వంశమేనా?

మిలాన్_మెయిల్ (ప్రశ్న)

అందరికీ నమస్తే. నేను మిలాన్‌లో మాస్టర్స్ చేస్తున్నాను. మా ప్రాజెక్ట్ టీమ్‌లో ఒక అమ్మాయి ఇంటిపేరు ఎస్పోజితో, వాళ్లది నేపుల్స్ దగ్గర ఊరు. మొన్న అందరం కూర్చుని ఇంటర్ మిలాన్ ఫుట్‌బాల్ మ్యాచ్ చూస్తుంటే పియో ఎస్పోజితో ఆడుతున్నాడు, మీకేమైనా చుట్టమా అని మామూలుగా అడిగాను. ఆ పేరున్న వాళ్లు ఒకరికొకరు ఏమీ కానక్కర్లేదట, పూర్వం పుట్టగానే వదిలేసిన పిల్లలకి పెట్టిన పేరట అది, వాళ్ల నాన్నమ్మ అయితే ఇంట్లో ఆ ప్రస్తావనే తేనిచ్చేది కాదట. నాకేం అనాలో తోచలేదు, మాట మార్చేశాను.

తర్వాత ఇంటిపేర్ల మ్యాప్ చూపించే సైట్‌లో వెతికితే నేపుల్స్ ఉన్న కంపానియా ప్రాంతమంతా ముదురు రంగులో ఉంది, మిగతా ఇటలీలో పలచగా చుక్కలు. దేశం మొత్తం మీద రోసీ, రుస్సో, ఫెరారీ తర్వాత ఇదే వస్తోంది. అంతమంది నిజంగా వదిలేసిన పిల్లల సంతానమేనా? పిల్లల్ని వదిలేయడం ఇటలీ అంతటా ఉండి ఉంటుంది కదా, మరి పేరు ఒక్క నేపుల్స్ చుట్టూనే ఎందుకు గుమిగూడింది? ఇంకో మాట, మా బిల్డింగ్‌లో కాలింగ్ బెల్ పక్కన పేర్లలో కొలంబో అని మూడు ఇళ్లకి ఉంది. దానిదీ ఇదే కథ అని ఎవరో అన్నారు. తెలిసిన వాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పాతకాగితాలు

మీ ఫ్రెండ్ చెప్పింది నిజమే. ఇది నాకు చాలా ఇష్టమైన విషయం, కొంచెం పొడవుగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేపుల్స్ పాత బస్తీలో ఫోర్చెల్లా అనే పేట ఉంది. అక్కడ శాంతిస్సిమా అన్నున్‌జియాతా అని చర్చి, దాన్ని ఆనుకుని అనాథాశ్రమం, ఆస్పత్రి ఉండేవి. 14వ శతాబ్దంలో ఆంజూ వంశపు రాజుల కాలంలో మొదలైన సంస్థ అది. దాని గోడకి ఒక కంత, ఆ కంతలో గిర్రున తిరిగే చెక్క పీపా ఉండేది, దాన్ని 'రువోతా' అనేవారు. బయటినుంచి బిడ్డని అందులో పెట్టి తిప్పితే బిడ్డ లోపలికి వెళ్లిపోతుంది, లోపల కాపలా ఉన్న మనిషి అందుకుంటుంది. పెట్టినవాళ్ల మొహం లోపలివాళ్లకి కనపడదు, అసలు ఉద్దేశమే అది. ఆ రువోతాని 1875లో మూసేశారు, కానీ ఆ చోటు ఇప్పటికీ అలాగే ఉంది, వెళ్లి చూడొచ్చు.

లోపలికొచ్చిన బిడ్డని కడిగి, బాప్తిస్మం ఇచ్చి, పుస్తకంలో ఎక్కించేవారు: ఏ రోజు, ఏ వేళకి వచ్చింది, చూడ్డానికి ఎన్నాళ్ల బిడ్డలా ఉంది, ఒంటిమీద ఏం గుడ్డలున్నాయి, తోడుగా ఏదైనా చీటీ గానీ పతకం ముక్క గానీ ఉందా అని. మెడలో సీసపు బిళ్ల వేలాడదీసేవారు, ఆ బిళ్లే ఆ బిడ్డకి గుర్తింపు. లాటిన్‌లో 'ఎక్స్‌పోజితుస్' అంటే బయట పెట్టేసినవాడు. రిజిస్టర్‌లో ఆ మాట రాసీ రాసీ చివరికి అదే ఇంటిపేరైంది. జనం మాత్రం వాళ్లని 'మడోన్నా పిల్లలు' అని పిలిచేవారు, అందులో జాలీ ఉంది, కొంత గౌరవమూ ఉంది.

నేపుల్స్ చుట్టూనే ఎందుకంటే ముఖ్యంగా రెండు కారణాలు. ఒకటి, ఆ రోజుల్లో యూరప్‌లోని అతిపెద్ద నగరాల్లో నేపుల్స్ ఒకటి, దక్షిణ ఇటలీ రాజ్యం మొత్తానికి రాజధాని. పల్లెల నుంచి కూడా పిల్లల్ని అక్కడికే తెచ్చేవారు. రెండోది ఇంకా ముఖ్యం, వచ్చిన పసిపిల్లలందరికీ పాలివ్వడానికి సంస్థలో దాదులు చాలేవారు కాదు. అందుకని చుట్టుపక్కల ఊళ్లలో పాలిచ్చే ఆడవాళ్లకి జీతమిచ్చి పిల్లల్ని వాళ్ల ఇళ్లకి పంపేవారు. ఆ పిల్లల్లో చాలామంది బతికేవారు కాదు, ఆ మరణాల లెక్క చదివితే గుండె తరుక్కుపోతుంది. బతికినవాళ్లలో కొందరు పెంచిన ఊళ్లోనే ఉండిపోయి, పనిచేసుకుని, పెళ్లి చేసుకుని పిల్లల్ని కన్నారు. మీరు చూసిన మ్యాప్‌లో నేపుల్స్ నగరంతో పాటు చుట్టుపక్కల ఊళ్లన్నీ ముదురు రంగులో ఉండటానికి ఇదొక పెద్ద కారణం. పియో ఎస్పోజితో పుట్టిన కాస్తెల్లమ్మారే ది స్తాబియా కూడా నేపుల్స్ అఖాతం ఒడ్డునే ఉంది.

నెపోలియన్ బావగారు మురా నేపుల్స్‌ని ఏలిన రోజుల్లో (1808–1815) వదిలేసిన పిల్లలకి ఈ పేరు పెట్టడం ఆపించారు, పేరు వినగానే పుట్టుక తెలిసిపోతోంది, జీవితాంతం ఆ ముద్ర పోవట్లేదు అని. ఆ తర్వాత గుమాస్తాలు రకరకాల పేర్లు కల్పించి రాసేవారు. కాబట్టి ఇవాళ కనపడే ఎస్పోజితోలలో ఎక్కువమంది అంతకుముందు ఆ పేరు పొందినవాళ్ల సంతానం అనుకోవచ్చు, అంటే కనీసం ఏడెనిమిది తరాల వెనకటి మాట.

తోరినో_వాసి

పైన రాసింది బాగుంది, కానీ 'వంశమంతా' అనే మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మనకి ఇంటిపేరు ఒకటే అంటే వెంటనే దాయాదులు అనుకుంటాం, ఆ అలవాటుతో ఈ పేరుని చూస్తే పూర్తిగా తప్పుదారి పడతాం. ఎస్పోజితో అనే పేరుకి మూలపురుషుడంటూ ఎవరూ లేడు. వేల పిల్లలు, వేల తల్లిదండ్రులు, పేరు పెట్టింది ఒక సంస్థ. ఇవాళ ఇద్దరు ఎస్పోజితోలకి డీఎన్ఏ పరీక్ష చేస్తే తండ్రి వైపు కలవాలన్న నియమమే లేదు. పైగా పేరు మగపిల్లల ద్వారానే సాగింది. రువోతాలోంచి వచ్చిన ఆడపిల్లలకి పెళ్లయ్యాక వాళ్ల పిల్లలకి భర్త పేరే వచ్చింది. అంటే నేపుల్స్‌లో రుస్సో, దె లూకా అని పేరున్నవాళ్లలో ఎంతమందికి అమ్మమ్మల వైపు ఇదే కథ ఉందో! కాబట్టి ఎస్పోజితో అనే పేరున్న వాళ్లని మాత్రమే వేలెత్తి చూపడంలో అర్థం లేదు. మీ ఫ్రెండ్‌కి ఈ మాట తప్పకుండా చెప్పండి.

ఇంకో అపోహ, వదిలేసిన పిల్లలంతా పెళ్లి కాని తల్లుల బిడ్డలు అనుకోవడం. మీరున్న మిలాన్‌లోనే 19వ శతాబ్దంలో అలా పెట్టిన పిల్లల్లో చాలామంది పెళ్లయిన జంటల పిల్లలు. పనికి పోతే తప్ప పూట గడవని ఇళ్లు అవి, బిడ్డకి పాలు మాన్పించే దాకా సంస్థ పెంచితే తర్వాత వెనక్కి తెచ్చుకుందామని పెట్టేవారు. ఫ్లోరెన్స్‌లో ఇన్నొచెంతి అనాథాశ్రమం ఉంది, బ్రునెలెస్కి 1419లో డిజైన్ చేసిన భవనం, 1445లో మొదటి పసిపాపని తీసుకున్నారు, ఆ పాపకి పెట్టిన పేరు అగాతా స్మెరాల్దా. ఇప్పుడక్కడ మ్యూజియం ఉంది. అందులో పిల్లలతో వదిలిన గుర్తులు పెట్టారు. పతకాన్ని సగానికి కోసి ఒక ముక్క బిడ్డ దగ్గర ఉంచి, రెండోది తల్లి దాచుకునేది, ఎప్పటికైనా వెనక్కి తీసుకెళ్లడానికి వస్తే రెండు ముక్కలూ కలిపి చూపించాలి కదా. మ్యూజియంలో ఉన్నవి పిల్లల వైపు ముక్కలే. అవి చూశాక 'వదిలేసిన' అనే మాట నాకు నోటికి రావడం లేదు.

ఇక మీరడిగిన 'ఒక్క నేపుల్స్‌లోనే ఎందుకు' అనే దానికి ఇంకో సగం జవాబు ఇది, ఈ పద్ధతి ఇటలీ అంతటా ఉంది, పేరు మాత్రం ఊరూరికీ మారింది. ఫ్లోరెన్స్‌లో ఇన్నొచెంతి, నొచెంతీని. రోమ్‌లో ప్రోయెత్తి. బొలోన్యాలో దెల్యి ఎస్పోస్తి. సిసిలీలో, ముఖ్యంగా కటానియా వైపు, త్రోవాతో. మిలాన్‌లో కొలంబో, ఆ మాటకి పావురం అని అర్థం, ఎందుకంటే అక్కడి ఒస్పెదాలే మజ్జోరె అనే పెద్దాస్పత్రి చిహ్నం పావురం.

అయితే కొలంబో అని కనిపించగానే అనాథ పేరు అనేయకండి. అది అంతకుముందు నుంచీ మామూలు మనిషి పేరుగా, పావురాలు పెంచేవాళ్ల పేరుగా ఉంది. మనం కొలంబస్ అనే క్రిస్తోఫొరో కొలంబో 15వ శతాబ్దపు జెనోవా మనిషి, నేతపని చేసే ఇంట పుట్టాడు. మీ బిల్డింగ్‌లో మూడు ఇళ్ల కొలంబోలకి మూడు వేరే మూలాలు ఉండొచ్చు. ఎస్పోజితోకి మాత్రం అలాంటి రెండో అర్థం దాదాపు లేదు, అక్కడ అనుమానం తక్కువ.

వలసపక్షి

ఇప్పుడు ఎక్కడెక్కడ ఉన్నారనేది నేను కలుపుతాను. 1880 నుంచి మొదటి ప్రపంచ యుద్ధం దాకా దాదాపు 1.3 కోట్ల మంది ఇటలీ వదిలి వెళ్లారు. దక్షిణాది వాళ్లకి ఓడ ఎక్కే ప్రధాన రేవు నేపుల్సే. అలా ఎస్పోజితోలు న్యూయార్క్, బ్యూనస్ ఐరిస్ చేరారు. కెనడా ఐస్ హాకీలో ఫిల్, టోనీ అన్నదమ్ములు ఒంటారియోలో పుట్టారు. మన దగ్గర కూడా చాలామందికి తెలిసిన అమెరికన్ నటుడు జ్యాన్‌కార్లో ఎస్పోజితో పుట్టింది కోపెన్‌హేగన్‌లో, నాన్న నేపుల్స్ మనిషి. అర్జెంటీనాలో మాత్రం కొంచెం చూసి మాట్లాడాలి. స్పెయిన్‌లో ఇదే లాటిన్ మాట నుంచి ఎక్స్‌పోసితో అనే పేరు పుట్టింది, అదీ అనాథ పిల్లలకి పెట్టిందే, అదీ అర్జెంటీనాకి వెళ్లింది. అందుకని అక్కడ ఒకరి పూర్వీకులు నేపుల్స్ నుంచి వచ్చారా, స్పెయిన్ నుంచా అన్నది పేరుని బట్టి అన్నిసార్లూ తేల్చలేం.

ఇటలీ లోపల అయితే 1950, 60లలో దక్షిణాది నుంచి తోరినో, మిలాన్ ఫ్యాక్టరీలకి లక్షల్లో వచ్చేశారు, ఉత్తరాన ఆ చుక్కల్లో ఎక్కువ భాగం ఆ వలసే. తోరినోలో ఫియట్ పుణ్యమా అని రుస్సోలు ఊళ్లో పైవరసలోకి వచ్చేశారు, నిజానికి అది దక్షిణాది రూపం, ఉత్తర, మధ్య ఇటలీలో అదే పేరు రోసీ.

మిలాన్ మీద ఒక మాట. అక్కడ ఇప్పుడు హు అనే చైనా ఇంటిపేరు కూడా పైవరసల్లోనే ఉంది, ఎక్కువమంది జెజియాంగ్ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. బ్రెష్షా, క్రెమోనా వైపు పాల డెయిరీల్లో పంజాబీలు ఎప్పటినుంచో పనిచేస్తున్నారు, అక్కడ సింగ్ బోలెడంతమంది. ఇరవై ఏళ్ల నాటి మ్యాప్ పక్కన ఇప్పటిది పెట్టి చూస్తే బాగా తెలుస్తుంది.

మిలాన్_మెయిల్

చాలా చాలా థాంక్స్ అందరికీ. తోరినో గారూ, ఆడపిల్లల గురించి మీరు రాసింది చదివి కాసేపు అలాగే ఉండిపోయాను, ఆ పేరా ఇంగ్లీష్‌లోకి మార్చి ఆమెకి పంపించాను. ఆమె ఒకటే అడిగింది, మా ఇంటి మొదటి ఎస్పోజితో ఎవరో తెలుసుకునే దారి ఉందా అని. ఉందంటారా?

పాతకాగితాలు

ఉంది, అదృష్టం బాగుంటే. నేపుల్స్ రాజ్యంలో పుట్టుక, పెళ్లి, చావు ప్రభుత్వ రిజిస్టర్లలో రాయడం 1809 నుంచే మొదలైంది, ఉత్తర ఇటలీలో చాలాచోట్ల 1866 దాకా అంత తెంపులేకుండా దొరకవు. కాబట్టి దక్షిణాది వాళ్లకి ఈ విషయంలో మేలే. వీటిలో చాలాభాగం ప్రభుత్వ ఆర్కైవ్‌ల అంతెనాతి పోర్టల్‌లో స్కాన్ చేసి ఉచితంగా పెట్టారు.

పద్ధతి ఏంటంటే, ఎప్పుడూ ఇప్పటినుంచి వెనక్కి నడవాలి, మధ్యలో ఎక్కడా దూకకూడదు. ముందు వాళ్ల తాతగారి తండ్రి ఏ కొమూనేలో (అంటే ఏ ఊరి మున్సిపాలిటీలో) పుట్టారో, సుమారు ఏ ఏడో ఇంట్లో కనుక్కోమనండి. అది తెలియకుండా వెతకడం వల్ల ఏం లాభం ఉండదు, ఎందుకంటే ఒక్క పేటలోనే ఒకే పేరున్న జెన్నారో ఎస్పోజితోలు, విన్చెన్జో ఎస్పోజితోలు బోలెడుమంది ఉంటారు, మనది కాని మనిషి వెంట పడితే నెలలు పోతాయి. పుట్టిన కాగితం కంటే పెళ్లి కాగితాల కట్ట ఎక్కువ పనికొస్తుంది. దాన్ని 'ప్రొచెస్సెత్తి' అంటారు, పెళ్లికొడుకు, పెళ్లికూతురు పుట్టిన పత్రాలు, చాలాసార్లు పోయినవాళ్ల మరణ పత్రాలు, తండ్రి లేకపోతే తాతది కూడా అందులో జతచేసి ఉంటాయి. ఒక్క కట్టతో రెండు తరాలు వెనక్కి వెళ్లొచ్చు.

1809కి ముందు సంగతి కావాలంటే చర్చి పుస్తకాలే గతి. 1563లో క్యాథలిక్ చర్చి పెద్దల త్రెంతో మహాసభ పెళ్లిళ్లు, బాప్తిస్మాలు రాసిపెట్టమని ఆదేశించాక చర్చిల్లో ఇవి ఉంటున్నాయి, కానీ ఫాదర్‌ని బతిమాలుకోవాలి, లేఖ రాసి వెళ్లడం మంచిది. వెతుకుతూ పోతే ఎక్కడో ఒకచోట తల్లిదండ్రుల పేర్లు ఉండాల్సిన చోట 'అన్నున్‌జియాతా బిడ్డ' అనే అర్థంలో మాట వస్తుంది. అక్కడ మామూలు వంశవృక్షం ఆగిపోతుంది, అక్కడినుంచి సంస్థ సొంత పుస్తకాలు చూడాలి. 17వ శతాబ్దం నుంచి ఉన్నవి నేపుల్స్‌లోనే భద్రంగా ఉన్నాయి. తల్లి పేరు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దని ముందే చెప్పండి. వచ్చిన వేళ, కట్టుకొచ్చిన గుడ్డ రంగు, ఏ ఊరి దాది దగ్గరికి పంపారు, ఇవి దొరకొచ్చు.

కొమూనే పేరు తెలిశాక ఇక్కడే పోస్ట్ చేయండి. ఆ పాత చేతిరాత చదవడం మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది, నేను సాయం చేస్తాను.