ట్యూబా మౌత్‌పీస్: స్కూలు ఇచ్చిన బాక్ 24ఏడబ్ల్యూ చాలదా, హెల్లెబర్గ్ కొనాల్సిందేనా?

ఫ్రిస్కో నాన్న:
మా అమ్మాయి ఇక్కడ టెక్సాస్‌లో ఏడో తరగతి. నిరుడు బ్యాండులో చేరితే ట్యూబా (అన్నిటికన్నా కింది స్వరాలు పలికే పెద్ద ఇత్తడి వాద్యం) చేతికిచ్చారు. స్కూలు ట్యూబా, మూడు వాల్వులది (వేలితో నొక్కితే అదనపు గొట్టం కలిసే మీటలు). దాంతోపాటే బాక్ కంపెనీ 24ఏడబ్ల్యూ మౌత్‌పీస్, అంటే పెదవి ఆనించి ఊదే ముక్క, వచ్చింది. బాగానే వాయిస్తోంది గానీ కింది స్వరాలు పలచగా ఉంటున్నాయి, గాలి చప్పుడు ఎక్కువ. కింది ఎఫ్ స్వరం అయితే శ్రుతి చూపే ట్యూనర్ పెట్టినప్పుడల్లా శ్రుతికి పైనే ఉంటోంది. రీజియన్ ఆడిషన్ (ఈ ప్రాంతం స్కూళ్ల ఉమ్మడి బ్యాండుకి ఎంపిక) దగ్గర పడుతోంది, ఇంట్లో అందరికీ టెన్షన్. తోటి పిల్లలు కొందరు కాన్ కంపెనీ హెల్లెబర్గ్ మౌత్‌పీస్ కొన్నారట, "అది లేకపోతే సౌండ్ రాదు నాన్నా" అంటోంది. ధర వంద డాలర్లకు అటూ ఇటూ, అది పెద్ద సమస్య కాదు. నిజంగా తేడా ఉంటుందా అన్నదే నా ప్రశ్న.

మార్చింగ్ బేస్:
ఉంటుందండీ, బాగా తెలుస్తుంది. నేను కాలేజీ మార్చింగ్ బ్యాండులో సూసాఫోన్ (ఒంటి చుట్టూ తగిలించుకునే ట్యూబా) వాయిస్తాను. హైస్కూల్లో 24ఏడబ్ల్యూ నుంచి హెల్లెబర్గ్‌కి మారాను. 24ఏడబ్ల్యూ లోపలి కప్పు చూడండి, గిన్నెలా గుండ్రంగా లోతుగా ఉంటుంది, రిమ్, అంటే పెదవి ఆనే అంచు, వెడల్పుగా ఉంటుంది. పెదవికి మెత్తగా తగులుతుంది కాబట్టి కొత్తవాళ్లకు బాగుంటుంది. కానీ ధ్వని పరుచుకుపోతుంది, స్వరం ఎక్కడ మొదలైందో వినేవాళ్లకి స్పష్టంగా తెలియదు. హెల్లెబర్గ్ కప్పు గరాటులా నేరుగా థ్రోట్‌లోకి, అంటే అడుగునున్న సన్నటి రంధ్రంలోకి, దిగుతుంది. అందుకే ధ్వని ఒక చోట నిలబడుతుంది.

కప్పు అడ్డకొలత (వ్యాసం) కూడా చూడండి: 24ఏడబ్ల్యూది 31.25 మిల్లీమీటర్లు, మామూలు హెల్లెబర్గ్‌ది దాదాపు 32.5. ఒక్క మిల్లీమీటరే కదా అనుకుంటారు గానీ, కింది స్వరాల్లో పెదవి ఆడటానికి ఆ చోటే కావాలి. ఆగస్ట్ హెల్లెబర్గ్ అమెరికాలో పేరుమోసిన సూసా బ్యాండులో ట్యూబా వాయించినవాడు. ఆయన పేరు మీది మౌత్‌పీస్‌ని ఇన్నేళ్ల తర్వాతా వాడుతున్నారంటే ఊరికే కాదు. నన్నడిగితే ఇవాళే కొనేయండి.

పచ్‌మఢీ పాత విద్యార్థి:
బాబూ, ఇవాళే కొనేయమని అంత తేలిగ్గా చెప్పకు. నేను ఆర్మీ బ్యాండులో బాస్, అంటే ట్యూబానే, వాయించి రిటైరయ్యాను, ఇప్పుడు సికింద్రాబాద్‌లో పిల్లలకు నేర్పుతున్నాను. ఆ తండ్రిగారు రెండు కష్టాలు చెప్పారు. రెండూ వేర్వేరు.

మొదట కింది ఎఫ్. మూడు వాల్వుల ట్యూబాలో దాన్ని ఒకటి, మూడు వాల్వులు కలిపి నొక్కి వాయిస్తాం. ఏ వాల్వు గొట్టం పొడవైనా అది ఒక్కటే నొక్కినప్పటికి లెక్కగట్టి పెట్టింది. దానికి ఇంకో వాల్వు తోడైతే మొత్తం గొట్టం పొడుగవుతుంది, ఆ దామాషాలో వాల్వు గొట్టం పొడవు చాలదు. అందుకే స్వరం పైకి పోతుంది. దాని కిందనున్న ఇ, మూడు వాల్వులూ కలిపి వాయించేది, ఇంకా పైకి పోతుంది. ఇది వాద్యం కట్టుబడిలోనే ఉన్న గుణం. హెల్లెబర్గ్ పెట్టినా ఎఫ్ అలాగే ఉంటుంది. స్లైడు, అంటే వాల్వు గొట్టంలో జారే ముక్క, కొంచెం బయటికి లాగడం నేర్పాలి, లేదా నాలుగో వాల్వు ఉన్న ట్యూబా దొరుకుతుందేమో అడగాలి.

ఇక పలచటి ధ్వని. కొనే ముందు ఆ మౌత్‌పీస్‌ని ఒకసారి చేతిలోకి తీసుకోండి. సన్నటి చివర, అదే షాంక్, దాన్ని వెలుతురులో పెట్టి చూడండి. స్కూలు మౌత్‌పీసులు కింద పడని రోజుండదు. పడ్డప్పుడల్లా ఆ అంచు నొక్కుకుపోతుంది. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం ఒక పక్క చప్పిడి అవుతుంది. తర్వాత దాన్ని ట్యూబా రిసీవర్‌లో (మౌత్‌పీస్ దిగే గొట్టం) మెల్లగా పెట్టి, తిప్పకుండా, అటూ ఇటూ కదిపి చూడండి. కొంచెం ఊగినా అక్కడ గాలి కారుతున్నట్టే. అమెరికా ట్యూబాలకు ఒక కొలత షాంక్, యూరప్‌వాటికి కొన్నిటికి అంతకన్నా లావు, పాత ఇంగ్లీషు వాద్యాలకు సన్నం. లావుది సరిగా లోపలికి దిగదు, సన్నది మరీ లోపలికి పోతుంది. మన దగ్గర మీరట్‌లో బ్యాండు వాద్యాలు చేసే జాలీకోఠీ నుంచి వచ్చిన వాద్యాలతో ఈ గొడవ నేను చాలాసార్లు చూశాను. షాంక్‌కి కాగితం చుట్టి బిగించేస్తారు, ఆ రోజుకి గడిచిపోతుంది, శ్రుతి మాత్రం కుదరదు.

మార్చింగ్ బేస్:
షాంక్ చూసుకోవాలన్నది ఒప్పుకుంటాను సర్, నేనే ముందు చెప్పాల్సింది. ఎఫ్ సంగతీ నిజమే. కానీ పలచటి ధ్వనికి కప్పు ఆకారానికి సంబంధం లేదంటే ఎలా? నా సెక్షన్‌లో ఒకే వాద్యం మీద రెండూ పెట్టి వాయిస్తే మైదానం అవతల ఉన్నవాళ్లకి కూడా తెలుస్తుంది.

డాలస్ అమ్మ:
మా అబ్బాయి బ్రేసులతో ట్యూబా వాయిస్తున్నాడు. హెల్లెబర్గ్ కొన్నాం. రిమ్ సన్నగా, లోపలి అంచు పదునుగా ఉంది. రిహార్సల్ అయ్యేసరికి పెదవి మీద ఎర్రగా గుండ్రటి గుర్తు, లోపల వైర్లు గీరుకుపోవడం. చివరికి 24ఏడబ్ల్యూకే తిరిగి వచ్చాడు, హాయిగా ఉన్నాడు. నిపుణులు ధ్వని గురించి మాట్లాడతారు గానీ అన్నయ్యగారూ, పదమూడేళ్ల పిల్ల మూతి గురించి ఎవరూ అడగరు. మీ పాపకు బ్రేసులు ఉన్నాయా, త్వరలో వేయిస్తారా? అది ముందు చూసుకోండి.

ఇంకో మాట, చలికాలం బయట మార్చింగ్ ఉంటే ప్లాస్టిక్‌ది ఒకటి దగ్గర పెట్టుకోండి. కెల్లీ కంపెనీవి లెక్సాన్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేస్తారు. లోహంలా పెదవికి చల్లగా కొట్టదు, కింద పడినా ఫర్వాలేదు.

బరాత్ బ్యాండు:
మాది హైదరాబాద్ పెళ్లి బ్యాండు, సూసాఫోన్ నాది. అన్నా, మీరు నంబర్ల మీద కొట్లాడుతున్నారు. పూత పోయిందా లేదా అది చూడండి. వెండి పూత అరిగి పసుపు రంగు ఇత్తడి కనబడితే కొందరికి పెదవి దురద పెడుతుంది. దురద పెడితే నోరు సరిగా పెట్టరు, ఇంకేం ధ్వని వస్తుంది? లోపల పాచి కూడా కడగాలి. గోరువెచ్చని నీళ్లు, బ్రష్, అంతే. ఇరుక్కుపోతే పట్టకారు పెట్టి లాగకండి, రిసీవర్ వంగిపోతుంది. దానికి వేరే పనిముట్టు ఉంటుంది, రిపేర్ షాపులో నిమిషంలో తీస్తారు.

పచ్‌మఢీ పాత విద్యార్థి:
ఆకారానికి సంబంధం లేదని నేననలేదు బాబూ, వరస ముఖ్యమంటున్నాను. ఆర్నాల్డ్ జేకబ్స్ 1944 నుంచి 1988 దాకా షికాగో సింఫనీలో ట్యూబా వాయించారు. ఆయన ఊపిరితిత్తుల్లో గాలి పట్టేది మామూలు కన్నా తక్కువ. అయినా మనసులో పాట, ఒంట్లో గాలి అనే పాఠంతోనే ఎందరినో తయారు చేశారు. పాపను ట్యూబా పక్కన పెట్టి, మౌత్‌పీస్ ఒక్కటే పెదవికి పెట్టుకుని తెలిసిన పాట బజ్ చేయమనండి, అంటే పెదవులు ఆడిస్తూ ఊదమనండి. పాట శ్రుతిలో వినిపించకపోతే లోపం మౌత్‌పీస్‌ది కాదు. వినిపిస్తే అప్పుడు కొనండి, నేనే కొనమంటాను.

మార్చింగ్ బేస్:
సర్, ఆ పరీక్ష బాగుంది. నేనూ ఒక మెట్టు దిగుతాను. పాప చిన్నది కాబట్టి పెద్ద హెల్లెబర్గ్ వద్దు, హెల్లెబర్గ్‌లోనే 7బి చూడండి. అదే గరాటు ఆకారం, కప్పు కాస్త చిన్నది. నంబర్లతో మోసపోకండి: బాక్‌లో నంబరు తగ్గేకొద్దీ కప్పు పెద్దది, షిల్కే అనే ఇంకో కంపెనీలో నంబరు పెరిగేకొద్దీ పెద్దది. 18 చిన్నదనుకుని బాక్ 18 తెప్పిస్తే 32.5 మిల్లీమీటర్లది చేతికొస్తుంది.

ఫ్రిస్కో నాన్న:
అందరికీ ధన్యవాదాలు. షాంక్ చూశాను, అంచు ఒక పక్క నిజంగానే లోపలికి నొక్కుకుంది. రిసీవర్‌లో పెడితే కొంచెం ఊగుతోంది కూడా. బ్యాండ్ డైరెక్టర్‌కి చూపిస్తే స్టోర్ రూమ్ నుంచి బాగున్న 24ఏడబ్ల్యూ ఇంకొకటి ఇచ్చారు. గాలి చప్పుడు చాలావరకు తగ్గింది. బజింగ్‌లో మాత్రం పాట పైకి వెళ్లగానే శ్రుతి జారుతోంది. స్లైడు లాగితే ఎఫ్ దారికొచ్చింది. వేసవిలో బ్రేసులు వేయించాలని డెంటిస్టు అన్నారు. స్కూల్లోనే ఒక 7బి ఉందట, అరువిస్తామన్నారు. ఆడిషన్ లోపు మార్చాలా వద్దా?

పచ్‌మఢీ పాత విద్యార్థి:
ఆడిషన్ ముందు వద్దు. అది అయ్యాక ఒకే ఎట్యూడ్‌ని (సాధన కోసం రాసిన పాఠం) రెండిటి మీదా వాయించమనండి. మీరు వీపు తిప్పి కూర్చోండి, ఏది ఎప్పుడు పెడుతోందో చెప్పొద్దనండి. కింది స్వరాలతో పాటు పై స్వరాలూ వినండి. అలసట ఎంతో పాపనే అడగండి.

మార్చింగ్ బేస్:
దీనికి నేనూ ఒప్పుకుంటున్నాను. ఒక్కటే షరతు: 7బిని ఒక్కరోజు చూసి పక్కన పెట్టేయకండి. కొత్త రిమ్‌కి పెదవి అలవాటు పడటానికి కనీసం రెండు వారాలైనా ఇవ్వండి. అప్పటికీ 24ఏడబ్ల్యూనే బాగుందంటే నేనింక మాట్లాడను.