న్యూజెర్సీ నుంచి టెక్సస్‌కి మారుతున్నాం, ఇల్లు కొనే రూల్స్ ఎంత తేడా?

ఎడిసన్ వాసి:
మావారికి ప్లానో ఆఫీసుకి ట్రాన్స్‌ఫర్ వచ్చింది, పిల్లల స్కూల్ అవగానే మారిపోతున్నాం. ఎడిసన్‌లో టౌన్‌హోమ్ కొన్నప్పుడు సంతకాలయ్యాక లాయర్ రివ్యూకి మూడు పనిదినాలు ఉండేవి, ఆయన చాలా క్లాజులు మార్పించాడు. ఇప్పుడు ప్రాస్పర్ ఊరి వైపు చూస్తుంటే ఏజెంటేమో "ఇక్కడ లాయర్ని ఎవరూ పెట్టుకోరండి, అంతా టైటిల్ కంపెనీ (ఇంటి హక్కు పత్రాలు చూసి రిజిస్ట్రేషన్ పని చేసేది) చూసుకుంటుంది" అంటున్నాడు. నిజమేనా? ఒకటి బిల్డర్ కడుతున్న ఇల్లు, ఇంకోటి రీసేల్. హెచ్1బీ వాళ్ళు ఇల్లు కొనకూడదని కొత్త చట్టమేదో వచ్చిందని వాట్సాప్‌లో తిరుగుతోంది, అదొక టెన్షన్. ఎడిసన్ ఇల్లు అమ్మితే ఎగ్జిట్ టాక్స్ కట్టాలా?

ఫ్రిస్కో మామ:
మీరు విన్న చట్టం టెక్సస్ ఎస్‌బీ 17. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది, అందులో ఆంక్షలున్న దేశాలు చైనా, ఇరాన్, ఉత్తర కొరియా, రష్యా. ఇండియా లేదు, కాబట్టి దాని గురించి నిద్ర పాడుచేసుకోకండి. ఎఫ్‌హెచ్‌ఏ లోన్ (ఫెడరల్ ప్రభుత్వ హామీ ఉండేది) మాత్రం 2025 మే 25 నుంచి గ్రీన్ కార్డు లేనివాళ్ళకి ఇవ్వడం లేదు, అది టెక్సస్‌కే కాదు దేశమంతా. కన్వెన్షనల్ లోన్ (ఆ హామీ లేని మామూలు లోన్) దొరుకుతుంది.

ఏజెంట్ చెప్పింది రీసేల్ వరకు నిజమే. మీ లాయర్ రివ్యూ బదులు ఇక్కడ ఆప్షన్ పీరియడ్ ఉంటుంది, కానీ అది ఊరికే రాదు, డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఎన్ని రోజులు, ఎంత ఫీజు అనేది బేరం. ఆ గడువులో ఏ కారణం చెప్పకుండా తప్పుకోవచ్చు, ఎర్నెస్ట్ మనీ (కాంట్రాక్టప్పుడు కట్టే అడ్వాన్సు) వెనక్కి వస్తుంది, ఆప్షన్ ఫీజు మాత్రం పోతుంది. జెర్సీ అలవాటుతో పనిదినాలు లెక్కపెట్టుకున్నారనుకోండి, అంతే సంగతులు. ఇక్కడ శని, ఆదివారాలు కూడా లెక్కే, చివరి రోజు సాయంత్రం 5 దాటితే ఆ హక్కు పోయినట్టే. ఇన్‌స్పెక్టర్ని ముందే బుక్ చేసి పెట్టుకోండి.

కాలిన్ కౌంటీ:
బిల్డర్ ఇంటికి పై సలహా పనికిరాదు. పెద్ద బిల్డర్లు రాష్ట్రం పెట్టిన స్టాండర్డ్ కాంట్రాక్టు ఫారం వాడరు, సొంత కాంట్రాక్టు ఇస్తారు, అందులో చాలాసార్లు ఆప్షన్ పీరియడే ఉండదు, గొడవొస్తే కోర్టుకి కాదు ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) పొమ్మంటుంది. అక్కడ మాత్రం లాయర్‌కి డబ్బిచ్చి చదివించండి, అందరూ పెట్టుకోరు అన్నంత మాత్రాన మనం పెట్టుకోకూడదని లేదు. డ్రైవాల్ (లోపలి గోడ పలకలు) వేయకముందు ఒకసారి, క్లోజింగ్ (ఇల్లు చేతులు మారే రోజు) ముందు ఒకసారి మీ సొంత ఇన్‌స్పెక్టర్‌తో చూపించండి.

అసలు దెబ్బ ప్రాపర్టీ టాక్స్‌లో. జనవరి 1న అక్కడ ఖాళీ స్థలమే ఉంటే ఆ ఏడాది టాక్స్ స్థలం మీదే వేస్తారు, నెల ఈఎంఐ చూసి మురిసిపోతాం, మరుసటి ఏడాది ఇల్లంతా లెక్కలోకొచ్చి ఎస్క్రోలో (టాక్స్ కోసం ఈఎంఐతో పాటు లెండర్ పక్కన పెట్టే డబ్బులో) లోటు పడి ఈఎంఐ ఒక్కసారిగా పైకి పోతుంది. మా వీధిలో సగం మందికి ఇదే కథ. మడ్ (మున్సిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్), పిడ్ (పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్) ఉన్నాయేమో అడగండి, కొత్త కమ్యూనిటీల్లో నీళ్ళకి, రోడ్లకి తెచ్చిన అప్పు వాటి పేరుతో మనమే కడతాం.

జెర్సీ నుంచి వచ్చినవాడు:
ఎగ్జిట్ టాక్స్ అనేది కొత్త పన్ను కాదండి, లాభం మీద ముందుగా పట్టుకునే అంచనా పన్ను. లాభంలో 10.75 శాతం, కనీసం అమ్మకం ధరలో 2 శాతం. గత ఐదేళ్ళలో రెండేళ్ళు మీరే ఉండి, లాభం మొత్తం ఫెడరల్ మినహాయింపులోకి (భార్యాభర్తలిద్దరికీ కలిపి 5 లక్షల డాలర్ల వరకు) వస్తే క్లోజింగ్‌లో జీఐటీ/ఆర్‌ఈపీ-3 ఫారం ఇస్తే పట్టుకోరు. ఆ ఇల్లు అద్దెకిచ్చి తర్వాత అమ్ముదామనుకుంటే మాత్రం ఆ రెండేళ్ళ లెక్క చూసుకోండి.

ఎడిసన్ వాసి:
థాంక్స్ అండి అందరికీ. బిల్డర్ ఇచ్చిన షీట్‌లో హోమ్‌స్టెడ్ మినహాయింపు (సొంతంగా ఉండే ఇంటికి టాక్స్‌లో తగ్గింపు) తీసేసి టాక్స్ చూపించారు, అది దానంతటదే వస్తుందా?

కాలిన్ కౌంటీ:
రాదు, మీరే అప్లై చేయాలి. ముందు డ్రైవింగ్ లైసెన్స్ కొత్త ఇంటి అడ్రస్‌కి మార్చుకుని అప్రైజల్ డిస్ట్రిక్ట్ (టాక్స్ కోసం ఇంటి విలువ కట్టే కౌంటీ ఆఫీసు) సైట్‌లో పెట్టండి, పైసా ఖర్చు లేదు. స్కూల్ టాక్స్‌కి ఇంటి విలువలో 1,40,000 డాలర్లు తగ్గించి లెక్కేస్తారు. డబ్బులిస్తే మేం చేసిపెడతాం అని పోస్టులో ఉత్తరాలొస్తాయి, చించి పారేయండి.