గుర్రం నలతగా ఉంది. డాక్టర్‌కి ఇప్పుడే ఫోన్ చేయాలా, కాసేపు ఆగాలా?

నల్లజూలు:

అందరికీ నమస్కారం. మా ఆడగుర్రం చంద్రికి పొద్దున్నుంచి ఏదో తేడాగా ఉంది. జబ్బు చేసిందని చెప్పడానికి లేదు, బాగుందని చెప్పడానికీ లేదు. మామూలుగా దాణా బకెట్ చప్పుడైతే చాలు, తలుపుని గిట్టతో తంతుంది. ఇవాళ నేను లోపలికి వెళ్లినా తల తిప్పలేదు. గడ్డి సగం వదిలేసింది. నాలుగైదు పరకలు నోట్లో పెట్టుకుని, నమలడం మర్చిపోయినట్టు అలాగే నిలబడి ఉంది. పొర్లడం లేదు, చెమట లేదు. ఒకసారి డొక్క వైపు తిరిగి చూసింది కానీ ఈగ వాలిందేమో, చెప్పలేను. ముందు గిట్టకి దెబ్బ తగలడంతో కొన్నాళ్లుగా బయటికి వదలడం లేదు, లాయంలోనే ఎండుగడ్డి మీద ఉంది.

చిన్నదానికీ ఫోన్ చేస్తే డాక్టర్ ఏమనుకుంటారోనని మొహమాటం, చేయకపోతే టెన్షన్. మీరంతా ఎంతవరకు చూసి ఫోన్ తీస్తారు?

దాణాబస్తా:

కాస్త కడుపునొప్పి అయ్యుంటుందండీ. నొప్పి మందు ఒక డోసు వేసి సాయంత్రం దాకా చూడండి. నాలుగు చుట్లు నడిపించండి. మాది అలాగే సర్దుకుంది.

పాతజీను:

నల్లజూలు గారూ, ముందు ఆ మందు జోలికి వెళ్లకండి. బస్తా గారి మీద కోపమేం లేదు, కానీ ఈ సలహా లాయాల్లో బాగా తిరుగుతుంది కాబట్టి చెప్పాలి. ఆ మందుతో నొప్పి తగ్గుతుంది, జ్వరం కూడా దిగుతుంది, కారణం మాత్రం అక్కడే ఉంటుంది. లోపల పేగు మెలిపడి ఉన్నా డాక్టర్ వచ్చేసరికి గుర్రం నెమ్మదిగా కనిపించొచ్చు. ఫ్లునిక్సిన్ అనే నొప్పి మందుని ఇంట్లోనే కండకి పొడిచేసేవాళ్లు కూడా ఉన్నారు, అది మరీ ప్రమాదం. పొడిచిన చోట కండ కుళ్లి ప్రాణం మీదికి వచ్చిన గుర్రాలున్నాయి. డాక్టర్ ఇవ్వమంటే ఇవ్వండి, ఎంత, ఎలా అన్నది కూడా ఆయన చెప్పినట్టే.

ఇక మీ ప్రశ్న. ఇది కోలిక్కా (గుర్రాలకి వచ్చే కడుపునొప్పి), ఇంకోటా అని మీరు తేల్చక్కర్లేదు, ఆ పనికి డాక్టరున్నారు. ఇప్పుడు ఫోన్ చేయాలా, అరగంట ఆగి చేయాలా అన్నంతవరకే మీ లెక్క. ఫోన్ చేసినంత మాత్రాన ఆయన బండి తీసుకుని రావాలనేం లేదు. సగం సార్లు "ఫలానావి చూసి మళ్లీ చెప్పండి" అని పెట్టేస్తారు. నాకు తెలిసిన డాక్టర్లెవరూ పట్టపగలు వచ్చిన ఫోన్‌కి విసుక్కోలేదు. పొద్దున మొదలైన నొప్పికి అర్ధరాత్రి లేపితే మాత్రం విసుక్కుంటారు, అందులో న్యాయముంది.

నేనైతే అన్నిటికన్నా ముందు నాడి చూస్తాను. గుర్రం నొప్పిని దాచుకునే జంతువు, మొహం చూసి మోసపోవచ్చు. దవడ ఎముక కింది అంచు దగ్గర, పెద్ద బుగ్గ కండకి కాస్త ముందు, లోపలి వైపుగా వేళ్లు పెట్టి అటూ ఇటూ జరపండి. పెన్సిల్ లావు తాడులాంటిది వేళ్ల కింద జారుతుంది. దాన్ని ఎముకకి ఆనించి మెత్తగా నొక్కి, 15 సెకన్లు లెక్కపెట్టి 4తో హెచ్చించండి. బొటనవేలు వద్దు, మీ నాడే మీకు తగులుతుంది. స్టెతస్కోప్ ఉంటే ఎడమ మోచేయి వెనక పెట్టండి, ఒక్కో "లబ్-డబ్" కలిపి ఒకటి. చాలామంది రెండుగా లెక్కపెట్టి హడలిపోతారు. ఊరికే నిలబడి ఉన్న పెద్ద గుర్రానికి నిమిషానికి 28 నుంచి 44 ఉండాలి. మీరు దగ్గరికి వచ్చిన కంగారుకే కాస్త పెరగొచ్చు కాబట్టి అయిదు నిమిషాలు ఆగి మళ్లీ చూడాలి. రెండోసారీ 48 దాటితే ఫోన్ తీస్తాను. 60 దాటితే మిగతావేవీ చూస్తూ కూర్చోను.

తర్వాత పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో తడిగా ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటికి రెండు సెకన్లలోపు రంగు రావాలి. వేలికి జిగురుగా తగిలితే ఒంట్లో నీరు తగ్గిందని అర్థం. ఇటుక రంగు, ఊదా రంగు, పాలిపోయిన తెలుపు, వీటిలో ఏది కనిపించినా ఆగొద్దు. టెంపరేచర్ 99 నుంచి 101 ఫారెన్‌హీట్ మామూలు. 101.5 దాటితే జ్వరమే. నడిపించక ముందే చూడాలి, నడిచాక ఒళ్లు వేడెక్కుతుంది.

పొట్టకి చెవి ఆనించి వినండి, రెండు వైపులా, పైనా కిందా. గుడగుడలు ఎక్కువగా ఉంటే నాకంత భయం ఉండదు, ఏ చప్పుడూ లేకపోతేనే భయం. రాత్రి నుంచి ఎన్నిసార్లు లద్ది వేసిందో కూడా లెక్కేయండి. ఈలోపు గడ్డీ దాణా తీసేయండి, నీళ్లు ఉండనివ్వండి.

ఇంకొకటి అడగడం మర్చిపోయాను. గిట్ట దెబ్బకి ఏమైనా మందు నడుస్తోందా?

నల్లజూలు:

చూసొచ్చాను. నాడి మొదట 44, అరగంట ఆగి చూస్తే 52. చిగుళ్ల రంగు పర్లేదు కానీ వేలికి జిగురుగా తగిలాయి. టెంపరేచర్ 100.2. కుడి డొక్కలో ఏదో వినబడింది, ఎడమ వైపు దాదాపు ఏమీ లేదు. రాత్రి నుంచి లద్ది ఒక్కసారే, చిన్నవి, గట్టివి, పైన జిగట పొర ఉంది.

గిట్టకి ఫినైల్‌బ్యూటజోన్ అనే నొప్పి మందు పొడి ఇస్తున్నాం, డాక్టర్ రాసిందే. నిన్న రాత్రి కూడా వేశాం.

పాతజీను:

ఇంకేం చదవకండి, ఫోన్ చేయండి.

చేశాక చదవడానికి: నొప్పి మందు ఒంట్లో ఉండగానే నాడి 52 ఉందంటే, మందు లేకపోతే ఇంకెంత ఉండేదో ఆలోచించండి. అది పొర్లకపోవడం చూసి ధైర్యపడటానికి లేదు. టెంపరేచర్ మామూలుగా ఉండటం కూడా ఆ మందు వల్ల అయ్యుండొచ్చు. దాని మీద ఇంకో నొప్పి మందు వేస్తే మూత్రపిండాలకీ పేగులకీ దెబ్బ. ఫోన్‌లో మొదటి మాటే అది చెప్పండి: ఏ మందు, ఎంత, ఏ టైముకి. తర్వాత రెండు నాడి అంకెలూ వాటి టైములతో సహా, ఆపైన లద్ది సంగతి. "డల్‌గా ఉందండీ" అని మొదలుపెడితే ఆయనకి ఏమీ అర్థం కాదు.

నల్లజూలు:

చేశాను, గంటలో వస్తారట. తిండి తీసేశాం. నడిపించమంటారా?

పాతజీను:

గిట్ట నొప్పి ఉన్నదాన్ని నడిపించాలా వద్దా అన్నది డాక్టర్‌నే అడగండి. మామూలు గుర్రమైతే పది, పదిహేను నిమిషాలు మెల్లగా నడిపిస్తే నష్టం లేదు, పొర్లబోతుంటే దృష్టి మళ్లుతుంది. గంటల తరబడి తిప్పితే గుర్రమూ మనిషీ అలిసిపోవడమే. నెమ్మదిగా పడుకుంటే పడుకోనివ్వండి. గట్టిగా పొర్లుతుంటే మాత్రం మీరు దూరంగా ఉండండి. అంత బరువు మీద పడితే డాక్టర్‌ని ఇద్దరి కోసం పిలవాల్సి వస్తుంది.

చెవులునిక్కి:

మొహం చూసి మోసపోతామన్న మాట మీద చిన్న అభ్యంతరం. ఎక్కడ చూడాలో తెలిస్తే మొహం బాగానే చెప్తుంది. గుర్రాల ముఖ కవళికలను బట్టి నొప్పిని అంచనా వేసే పద్ధతి ఒకటి 2014లో ప్రచురించారు, హార్స్ గ్రిమేస్ స్కేల్ అంటారు. చెవులు బిగుసుకుని వెనక్కి ఉన్నాయా, కళ్లు సగం మూసుకుంటోందా, కంటి పైన ఎముక తేలిందా, బుగ్గ కండ బిగిసిందా, గడ్డం ముడుచుకుందా, ముక్కుపుటాలు బిగిశాయా, ఈ ఆరూ చూస్తారు. దూరం నుంచి, మనల్ని చూడకముందే గమనించాలి. మనిషిని చూడగానే చాలా గుర్రాలు మొహం సర్దేసుకుంటాయి.

పాతజీను:

ఒప్పుకుంటున్నాను. నాడి కూడా పట్టండి.

పిల్లతల్లి:

అరగంట ఆగి చూసే పని కూడా పెట్టుకోకూడనివి ఏవండీ? మా దగ్గర ఈనబోయే గుర్రం ఉంది.

పాతజీను:

పిల్ల విషయంలో అసలు ఆగొద్దు. పుట్టిన గంటలో నిలబడాలి, రెండు గంటల్లో పాలు పట్టుకోవాలి, తల్లికి మూడు గంటల్లో మాయ పడాలి. ఏది తప్పినా ఫోనే. పెద్ద గుర్రం ఒక పూట తట్టుకునేదాన్ని పిల్ల తట్టుకోలేదు. ఈనేటప్పుడు ముందుగా తెల్లటి పొర కాకుండా ఎర్రటి మెత్తటి సంచి బయటికొస్తే మాయ ముందే ఊడిందని అర్థం, లోపల పిల్లకి ఊపిరి అందదు. అప్పుడు డాక్టర్ వచ్చేదాకా చూసే టైము ఉండదు. ఫోన్‌లో ఆయన చెప్తుండగానే సంచి చింపి పిల్లని బయటికి లాగాల్సి ఉంటుంది. అందుకే ఏం చేయాలో ఇప్పుడే ఆయన్ని అడిగి పెట్టుకోండి.

కన్ను మూసుకుని నీరు కారుతుంటే ఆ రోజే చూపించాలి, "రేపటికి తగ్గుతుందేమో" అన్నది కంటి దగ్గర పనికిరాదు. కీలు దగ్గర గాయం చీమ కుట్టినంత ఉన్నా సరే. గిట్టలో మేకు దిగితే, ఇంకా లోపలికి దిగే ప్రమాదం లేకపోతే, పీకకుండా ఫోన్ చేయండి. అది ఎటు, ఎంత లోతు వెళ్లిందో మేకు ఉండగానే ఎక్స్‌రేలో తెలుస్తుంది. ముక్కులోంచి మేత, చొంగ కారుతూ మెడ సాచి దగ్గుతుంటే తిండి గొట్టంలో అడ్డుపడింది. ఊపిరి ఆడుతూనే ఉంటుంది కాబట్టి హడలిపోకండి, తిండీ నీళ్లూ రెండూ తీసేసి ఫోన్ చేయండి, గొంతులో నీళ్లు పోయకండి. పని చేశాక కండలు బిగుసుకుని, మూత్రం కాఫీ రంగులో వస్తే ఉన్నచోటి నుంచి ఒక్క అడుగు కూడా కదిలించొద్దు. ముందు కాళ్లు చాపి బరువంతా వెనక్కి వేసి, గిట్టలు వేడిగా ఉన్నా అంతే.

నల్లజూలు:

డాక్టర్ వచ్చి వెళ్లారు. లోపల చెయ్యి పెట్టి చూసి, పెద్దపేగు మలుపు దగ్గర ఎండిన మేత గడ్డకట్టుకుని ఉందన్నారు. ముక్కులోంచి గొట్టం వేసి ముందు కడుపులో ఏమైనా నిలిచిందా అని చూశారు. గుర్రానికి వాంతి రాదు కాబట్టి నిలిస్తే కడుపు పగిలిపోవచ్చట. ఏమీ లేదని తేల్చుకుని అదే గొట్టంలోంచి లవణాలు కలిపిన నీళ్లు పట్టారు. కదలిక లేక, ఎండుగడ్డి మీదే ఉండి, నీళ్లు తక్కువ తాగడం వల్ల అయ్యుంటుందన్నారు. ఇప్పుడు నాడి 40. లద్ది పడేదాకా తిండి వద్దట, రాత్రికి మళ్లీ వస్తారు. ఇది ఎంత తాగుతుందో నేను ఎప్పుడూ చూడలేదు, తొట్టి దానంతటదే నిండుతుంది.

పాతజీను:

ఆ తొట్టికి నీళ్లు కట్టేసి బకెట్లు పెట్టండి, లోపల లీటర్ల గీతలు గీసి. ఎండుగడ్డి తినే పెద్ద గుర్రం రోజుకి 25 లీటర్లకు పైనే తాగాలి. తిండి మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గడ్డిని నీళ్లలో తడిపి కొద్దికొద్దిగా, డాక్టర్ చెప్పిన లెక్కన. రాత్రికి ఆయన వచ్చినప్పుడు గిట్ట మందు కొనసాగించాలో ఆపాలో అడగండి, పళ్లు కూడా ఒకసారి చూడమనండి. పళ్లు సరిగ్గా లేకపోతే గడ్డి నలగకుండానే లోపలికి పోతుంది, ఎన్ని నీళ్లు తాగినా మళ్లీ అక్కడే అడ్డుపడుతుంది.