స్లీవ్ సర్జరీ తర్వాత మందగించిన మెటబాలిజం మళ్లీ పుంజుకుంటుందా?

అందరికీ నమస్కారం. నాకు స్లీవ్ సర్జరీ (బరువు తగ్గడానికి జీర్ణాశయంలో చాలా భాగం తీసేసే ఆపరేషన్) అయి 14 నెలలైందండి. 118 కిలోల నుంచి 79కి వచ్చాను. నాలుగు నెలలుగా మాత్రం ముల్లు కదలడం లేదు. తినేది ఇప్పటికీ పిడికెడే, నడక ఒక్క రోజు కూడా మానలేదు.

పోయిన వారం విశ్రాంతి మెటబాలిజం, అంటే ఏ పనీ చేయకుండా ఉన్నప్పుడు శరీరం ఖర్చు చేసే కేలరీలు, కొలిచే పరీక్ష చేయించుకున్నాను. తల మీద పారదర్శకమైన గిన్నెలాంటిది బోర్లించి, అరగంట కదలకుండా పడుకోబెట్టారు. నా శ్వాస చప్పుడు తప్ప ఇంకేమీ వినబడలేదు. లెక్క ప్రకారం రోజుకు 1,440 కేలరీలు రావాలట, వచ్చింది 1,210. అప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ఈమధ్య అందరికంటే ముందు నాకే చలి వేస్తోంది, అదీ దీనివల్లేనా?

బరువు తగ్గితే కేలరీల ఖర్చు తగ్గడం సహజమే. శరీరం చిన్నదవుతుంది, కండ కూడా కొంత పోతుంది, ఆకలిని అదుపు చేసే లెప్టిన్ అనే హార్మోన్ పడిపోతుంది. నా భయం అంతకు మించిన తగ్గుదల గురించి. టీవీ పోటీలో ఆహారం, వ్యాయామంతో బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తర్వాత పరీక్షిస్తే, ఉండాల్సినదానికంటే రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువే ఖర్చవుతున్నాయని 2016లో ఒక అధ్యయనం వచ్చింది. గ్యాస్ట్రిక్ బైపాస్ (బరువు తగ్గడానికి చేసే మరో రకం సర్జరీ) చేయించుకున్నవాళ్లలో ఏడాదికి ఈ తేడా పోయిందని మరో అధ్యయనంలో చదివాను. మరి స్లీవ్ వాళ్ల సంగతి?

బరువు నిలకడగా ఉన్నాక ఈ పరీక్ష రెండోసారి చేయించుకున్నవాళ్లు ఉన్నారా? అంకె పెరిగిందా? బరువులెత్తే వ్యాయామం, ప్రోటీన్ పెంచడం నిజంగా పనిచేశాయా? ఇంకా తక్కువ తినడానికి ధైర్యం చాలడం లేదు. దయచేసి మీ అనుభవం చెప్పండి.